ఏ బండి దిగి వచ్చినావు?

ఈ మధ్య కారు తలుపు మూసిన చప్పుడు మెత్తగా మారిపోయింది. మొన్న మార్కాపురంలో కొత్త కార్లు అమ్మే అద్దాల దుకాణం ముందు నా మనవరాలు హరిత నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపు వేసింది. దిండు మీద దిండు పడేసినట్టు చిన్న చప్పుడు. అంతే, బయటి ఆటోల మోత, చెరుకురసం మిషను గజ్జెల చప్పుడు, అన్నీ ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయాయి. లోపల కొత్త ప్లాస్టిక్ వాసన, చల్లగాలి, మెల్లగా ఏదో పాట. హరిత స్టీరింగు పట్టుకుంది. పక్కన కూర్చున్న దుకాణం మనిషి నా వైపు తిరిగి, “ఎట్లుందవ్వా? విమానంలో కూర్చున్నట్టు లేదూ?” అన్నాడు.

“బండి ఇంకా గేటు కూడా దాటలేదు గదా నాయనా. నువ్వు ముందే విమానమంటే నా నడుముకు కూడా అట్లనే తోస్తుంది. కాసేపు ఊరుకో. ఆ పాట కూడా ఆపు” అన్నాను. హరిత పకపకా నవ్వింది. “మా అవ్వతో కారు చూడడమంటే ఇంతేనండీ” అంది. సరిగ్గా అప్పుడే నా కుడిచేయి, నేను చెప్పకుండానే, పోయి ఆ తలుపు మీద వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టింది. కొట్టాక గాని నాకు తెలియలేదు. ఇన్నేళ్లయినా ఈ చేతికి బుద్ధి రాలేదే అనుకున్నాను. శెట్టి మామ గుర్తుకొచ్చాడు.

నేను చెబుతుంటే హరిత రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, అంతకుమించి రాదు. శెట్టి మామను చూసినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. అందుకని చెప్పాలనిపించింది.

పొట్టి మనిషి. పెద్ద పెద్ద చెవులు. పంచె మీద ఖాకీ చొక్కా వేసుకునేవాడు, అది ఏ కొలతకు కుట్టించాడో గాని మోకాళ్ల దాకా ఉండేది. వాళ్ల ఇంట్లో అందరిదీ నూనె వ్యాపారం. ఈయన ఒక్కడే పాత కార్ల పిచ్చిలో పడ్డాడు. కంభం పోయే రోడ్డు మీద రేకుల షెడ్డు వేసి, గుంటూరు నుంచీ కర్నూలు నుంచీ పాత కార్లు తెప్పించి, బాగుచేయించి అమ్మేవాడు. కొన్నిటిని బాడుగకు తిప్పేవాడు. ఇంతా చేసి ఆయనకు కారు నడపడం రాదు. నేర్చుకోరాదా మామా అని ఎవరైనా అంటే, “నేర్చుకుంటే నాకూ ఒక అభిప్రాయం వచ్చి కూర్చుంటుంది. ఉన్న అభిప్రాయాలు చాలవా?” అనేవాడు.

అవి మా తాలూకాలు కర్నూలు నుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిసిన రోజులు. మొదట్లో ఒంగోలు జిల్లా అన్నారు, తర్వాత ప్రకాశం జిల్లా అన్నారు. అప్పటిదాకా కోర్టన్నా కచేరీ అన్నా కర్నూలుకు పోయినవాళ్లు ఉన్నట్టుండి ఒంగోలు దారి పట్టారు. నేరుగా పోయే బస్సులు తక్కువ. ఆఫీసు పనివాళ్లకు, పలకల వ్యాపారులకు, కాన్పు కష్టమైన ఆడవాళ్లకు కారు కావలసి వచ్చింది. శెట్టి మామ షెడ్డు ముందు మనుషులు నిలబడడం మొదలైంది.

మా ఆయన ఓబులేసు ఆ షెడ్డులో డ్రైవరు. నేను బడిపిల్లలు రాసుకునే పలకల ఫ్యాక్టరీలో పలకలు ఏరేదాన్ని. పచ్చకామెర్లు వచ్చి ఆయన పోయేసరికి నాకు చంకలో ఆడపిల్ల, ఇప్పటి హరిత వాళ్ల అమ్మ. కర్మాంతరాలు అయిన తర్వాత శెట్టి మామ మా గుడిసె ముందుకొచ్చి, ఏడుపూ ఓదార్పూ ఏమీ లేకుండా, “ఆదెమ్మా, బండ్లు కడిగేదానికి మనిషి కావాల. పిల్లను షెడ్డులో ఉయ్యాల వేసుకో” అన్నాడు. ఫ్యాక్టరీ దుమ్ములో పిల్లకు దగ్గు వస్తోంది. సరేనన్నాను.

ఆయన ఎట్లాంటివాడో నాకు మొదటిసారి తెలిసింది ఒక కాంట్రాక్టరు వచ్చినప్పుడు. ఆ పెద్దమనిషి పొద్దున్నే వచ్చి, మట్టి కొట్టుకుని ఉన్న కారు ఒకటి ఎక్కి, రోడ్డు మీద కొంత దూరం తిరిగి వచ్చి పెదవి విరిచాడు. ఇంజన్లో గరగర ఉందన్నాడు. తిండి తిని మళ్లీ వస్తానని పోయాడు. ఆయన వచ్చేలోపల నేను ఆ కారును తోమి, కడిగి, కొబ్బరినూనె గుడ్డతో సీట్లు తుడిచాను. మధ్యాహ్నం వచ్చి అదే కారు ఎక్కి తిరిగి, “ఇది నయం శెట్టీ! ఇంజను వెన్నలాగ ఉంది. పొద్దున ఆ దరిద్రపుది ఎందుకు చూపించినావు?” అన్నాడు. ఆయనకు తెలియలేదు, రెండూ ఒకటేనని.

శెట్టి మామ నా వైపు తిరిగాడు. “ఆదెమ్మా, ఇంజనుకు ఏమన్నా చేసినావా?”

“లేదు మామా. పైపైన కడిగినా.”

“మరి ఇంజను ఎట్ల మెత్తబడె?” ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాడు. తర్వాత కాంట్రాక్టరుతో, “అన్నా, ఇది పొద్దుటి బండే. నీకు ఏ చోట మెత్తగా అనిపించిందో కొంచెం చెప్పు, కాళ్ల కిందనా, చెవికా?” అన్నాడు. కాంట్రాక్టరు మొహం ఎర్రబడింది. నన్ను వెర్రివాణ్ణి చేస్తావా అని చెప్పుల చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాడు. చేతికొచ్చిన బేరం పోయింది.

“ఊరుకుంటే కొనేవాడు గదా మామా!” అన్నాను.

“కొనేవాడే. ఆయన అబద్ధమాడలేదు చూడు. పొద్దున గరగర నిజంగానే వినిపించింది, ఇప్పుడు నిజంగానే వినిపించలేదు. అది ఎట్లయితుంది? నాకు దాంతోనే నిద్ర పట్టదు” అన్నాడు. ఆ రోజు నుంచి నాకు కూడా ఆ జబ్బు అంటుకుంది. గుడ్డ పిండుతూ, తుడుస్తూ, వచ్చేపోయేవాళ్ల మాటలు వినేదాన్ని.

షెడ్డుకు కారు చూడ్డానికి ఎవరొచ్చినా శెట్టి మామ అడిగే మొదటి మాట ఒకటే. “ఏ బండి దిగి వచ్చినావు?” బస్సా, జట్కానా, లారీనా, వేరే కారా అని. జవాబు ఏదైనా సరే, కారు ఎక్కించే ముందు అందరినీ తన పాత జీపులో ఒకసారి రైల్వే గేటు దాకా తిప్పించేవాడు. టాపు లేని జీపు. దాంట్లో కూర్చుంటే పళ్లు ఒకదానికొకటి తగిలేవి. ఊళ్లో దానిమీద ఎన్ని మాటలో! ఒక పలకల వ్యాపారి షెడ్డులో నిలబడే అన్నాడు: “ముందు జీపులో ఒళ్లు హూనం చేసి తర్వాత కారెక్కిస్తే ఎట్లాంటి కారైనా పట్టుపరుపే. నీ వ్యాపారం నాకు తెలీదా శెట్టీ?”

శెట్టి మామకు కోపం రాలేదు. “నిజమే అన్నా. జీపు దిగితే ఏదైనా మెత్తగానే ఉంటుంది. కాని అన్నీ ఒకే కొలతకు మెత్తబడతాయి గదా? నువ్వేమో గుంటూరు నుంచి మీ బామ్మర్ది కొత్త కారు దిగి వచ్చినావు. ఇందాక పోయినాయన సున్నపురాయి లారీ దిగి వచ్చినాడు. ఇదే కారును ఆయన పల్లకి అన్నాడు, నువ్వు రోకలి అంటావు. మీ ఇద్దరినీ ఒక గడప దాటించి లోపలికి పిలవాల గదా? ఇంతకంటే మంచి గడప ఉంటే చెప్పు, జీపును తీసేస్తా” అన్నాడు. వ్యాపారి మాత్రం జీపు ఎక్కలేదు. ఆ తర్వాత చాలా రోజులు శెట్టి మామ ఇంతకంటే మంచి గడప ఏముంటుందా అని నన్ను కూడా అడిగాడు. కాసేపు కళ్లు మూయించి అరుగు మీద కూర్చోబెడితే సరిపోదా అన్నాను. అది కూడా కొందరి మీద చేసి చూశాడు. ఒకాయన కూర్చున్నచోటే గురకపెట్టాడు.

ఇంకోసారి కొమరోలు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని కారు చుట్టూ తిరిగి, వెనక డిక్కీ మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి, “ఏదీ, లేపు చూద్దాం” అన్నాడు. కారు కదులుతుంటే తాను ఎక్కకుండా పక్కన వంగి చూశాడు. చూసి తల అడ్డంగా ఆడించాడు.

“ఏమైంది పెద్దాయనా?” అన్నాడు శెట్టి మామ.

“ఎద్దు లేచేటప్పుడు ముందు వెనకభాగం లేస్తుంది. ఇదేంది, వెనక కుంగి, ముందు లేస్తోంది? నడుములో బలం లేదు దీనికి.”

డ్రైవర్లు విరగబడి నవ్వారు. ఏ కారైనా అట్లనే కదులుతుందని ఒకడు చెప్పబోయాడు. శెట్టి మామ వాణ్ణి ఆపి, పెద్దాయన పక్కన తానూ వంగి, ఆ కారును మళ్లీ మళ్లీ నడిపించి చూశాడు. “నిజమే, కుంగుతోంది. ఇన్నాళ్లూ నేను చూడనే లేదు” అన్నాడు. ఆయన మొహంలో సంతోషం చూసి నవ్వినవాళ్లకే సిగ్గేసింది. ఆ రైతు చివరికి కారు కొన్నాడా అంటే కొన్నాడు. మా షెడ్డులోకెల్లా తక్కువ కుంగే కారు వెదికి తీసుకుపోయాడు.

ఇట్లా నేను నవ్వుకుంటూ ఉండగానే నా వంతు వచ్చింది.

మా ఆయన అన్నను నేను బావ అంటాను. ఆయనది కొమరోలు. ఓబులేసు వాటా మెట్టచేను ఆయన చేతిలోనే ఉండేది. నన్ను వచ్చి తన ఇంట్లో ఉండమన్నాడు. ఉండమనడం అంటే వంటగదిలో ఉండమనడం. ఆ చేను నీ కింద ఉంచుకో, దాని విలువ నాకివ్వు అన్నాను. పెద్దమనుషులు కూర్చుని ఒప్పించారు. ఆ సొమ్ముతో ఒక పాత కారు కొని బాడుగకు తిప్పాలని నా ఆలోచన. నా తమ్ముడు చెన్నయ్యకు లారీ నడపడం వచ్చు, వాడు డ్రైవరు. ఒక్క కారుకే సరిపోతుంది. అది మంచిదైతే నా పిల్లా నేనూ నిలబడతాం. అది రోడ్డు పక్కన నిలబడిపోతే పిల్లను ఎత్తుకుని కొమరోలు వంటగదికి పోవడమే. ఇందులో నాకు ఇంకో దారి లేదు.

షెడ్డులో నా సొమ్ముకు తగినవి రెండు కార్లు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి మీగడరంగుది. వయసూ ఒకటే, రకమూ ఒకటే. “ఏది తీసుకోమంటావు మామా?” అన్నాను. చెప్పేస్తాడనే అనుకున్నాను. నేను ఆయన ఇంటి మనిషి లెక్కే కదా.

“నేను చెప్పను” అన్నాడు.

“అట్లంటే ఎట్ల మామా? నా బతుకంతా దీంట్లోనే పెడుతున్నా.”

“అందుకే చెప్పను. నేను ఇది మంచిదంటే నీకు ఎక్కినప్పటి నుంచీ అది మంచిగానే కనపడుతుంది. దాని తప్పు నువ్వు వినవు. పైగా నాకు నిజంగా తెలీదమ్మీ. మిస్త్రీ చూసినాడు, రెండు ఇంజన్లూ బాగున్నాయన్నాడు. అంతవరకు నా పూచీ. తక్కింది ఎక్కి చూసుకో.”

ట్రయలుకు మా బావ కూడా వచ్చాడు, పిలవకపోయినా. కొమరోలు నుంచి బస్సులో నిలబడి వచ్చాడని శెట్టి మామ అడగ్గానే చెప్పాడు. జీపులో తిరిగి వచ్చాక దిగుతూ నడుము పట్టుకుని, “ఆడమనిషి కారు కొనేదేంది, దాన్ని చూసేదానికి ఇన్ని తంతులేంది? నాలుగు చక్రాలుంటే చాలదా?” అన్నాడు.

“నాలుగున్నాయి బావా. లెక్కపెట్టుకో” అన్నాడు మా చెన్నయ్య.

మొదట మీగడరంగుది ఎక్కాం, తర్వాత ఆకుపచ్చది. ఒకే రోడ్డు, తర్లుపాడు వైపు. దిగగానే నేను “ఆకుపచ్చదే” అన్నాను. మొదటి కారులో కూర్చున్నప్పటి నుంచి నాకు కడుపులో ఏదో బెదురు, దీంట్లో ఏదో పగిలి ఉంది అన్నట్టు. రెండోదాంట్లో కూర్చోగానే మనసు నెమ్మదించింది. బావ మీగడరంగుది అన్నాడు, పెళ్లికి పెట్టినా బాగుంటుందట. చెన్నయ్యను అడిగితే “నాకు రెండూ ఒకటేనక్కా. హారను మాత్రం పచ్చదానిదే గట్టిగా ఉంది” అన్నాడు.

“నీకెందుకు పచ్చది?” అని శెట్టి మామ నన్ను అడిగాడు. కాళ్ల దగ్గరనా, చెవికా, వాసనా అని. మంచిదని తెలుస్తోంది, అంతే అన్నాను.

“అయితే ఇంకోసారి పోదాం. ఈసారి కొంగు కళ్ల మీదికి లాక్కో. నిన్ను చేయి పట్టి ఎక్కిస్తా. తలుపు నువ్వు ముట్టుకోవద్దు, చెన్నయ్య మెల్లగా నొక్కి వేస్తాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకో, కదిలించొద్దు.”

బావ నెత్తి కొట్టుకున్నాడు. నేను కొంగు లాక్కుని కూర్చున్నాను. చీకట్లో రోడ్డు వేరేగా ఉంటుంది. గుంత ముందు తెలియదు, వచ్చాకే తెలుస్తుంది. ఒక కారులో పోయి వచ్చాం, దించి ఇంకోదాంట్లో ఎక్కించారు, పోయి వచ్చాం. “ఏది?” అన్నాడు. “మొదటిదే మామా. హాయిగా ఉంది. అది పచ్చదే గదా?” అన్నాను. కొంగు తీసి చూస్తే మొదట ఎక్కించింది మీగడరంగుదని చెన్నయ్య చెప్పాడు.

నా సొమ్మంతా పెట్టబోయేది నాకే తెలియనిదాని మీదనా! “ఇందాక దాంట్లోనే గదా మామా నాకు బెదురు పుట్టింది?”

“అదే నేనూ చూస్తున్నా. ఇందాక రెండు బండ్లలోనూ కూర్చోగానే నువ్వు తలుపు మీద వేలితో కొట్టినావు. ఎందుకు కొట్టినావో నాకు అర్థం కాలేదు. అందుకే చేతులు ఒళ్లో పెట్టుకోమన్నా.”

“నేను కొట్టలేదు.”

“కొట్టినావు. నేనూ చూసినా” అన్నాడు బావ.

నేను లేచి పోయి మీగడరంగు కారు తలుపు మీద కణుపుతో కొట్టాను. దబ్ అంది. ఆకుపచ్చదాని మీద కొట్టాను. ఖణ్ అంది. అప్పుడు నా చేయి ఏం చేసిందో నాకు అర్థమైంది. పలకల ఫ్యాక్టరీలో నా పని అదే. ఎడమచేతి మీద పలకను నిలబెట్టి కుడిచేతి కణుపుతో ఒక్క దెబ్బ. ఖణ్ అంటే మంచి పలక, చట్రం వేసేవాళ్ల వైపు. దబ్ అంటే కంటికి కనపడని పగులు ఉన్నట్టు, పక్కకు పారేయాలి. పొద్దస్తమానం అదే పని. ఆ పని మానేసినా చేయి మానలేదు. కారును కూడా పలక చూసినట్టు చూసి, పగిలిందని నా కడుపుకు చెప్పింది. నా కడుపు నమ్మింది.

ఇది చెప్పగానే శెట్టి మామ నవ్వలేదు. పిల్ల ఆడుకునే పలక ఉయ్యాల పక్కన ఉంటే తెచ్చి, చెవి దగ్గర పెట్టుకుని కొట్టాడు. కారును కొట్టాడు. మళ్లీ పలకను కొట్టాడు. “మార్కాపురంలోనే పుట్టినా, నాకు ఇది తోచలేదే!” అన్నాడు. మిస్త్రీని పిలిచి మీగడరంగు కారు తలుపు లోపలి అట్ట ఊడదీయించాడు. లోపల మందపాటి కంబళి ముక్క అతికించి ఉంది. అద్దాలు గడగడలాడకుండా పాత యజమాని ఎవరో పెట్టించుకున్నారు.

“అయితే మీగడరంగుదే మంచిదా మామా?” అన్నాను ఆశగా.

“నేనట్లనలేదు. కంబళి ఉందని మాత్రం తేలింది” అన్నాడు.

బావకు ఓపిక పోయింది. “అందరినీ అడిగితిరి, కళ్లు మూసి అడిగితిరి, పలకను కూడా అడిగితిరి. ఇంక ఎవరిని అడుగుతారు?” అన్నాడు. ఆయన దెప్పడానికే అన్నాడు. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను. ఎవరిని అడగాలి? ఈ కారులో నేను కూర్చోను. బావ కూర్చోడు. చెన్నయ్య ముందు కూర్చుంటాడు, వాడికి హారనుంటే చాలు. బాడుగ ఇచ్చి వెనక కూర్చునేది ఎవరు? ఒంగోలు ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు. నా నడుమును అడిగి ఏం లాభం?

శెట్టి మామ తల్లిని మేమంతా జేజమ్మ అనేవాళ్లం. తుంటి నొప్పితో ఆమె గుమ్మం దాటి చాన్నాళ్లయింది. “మామా, జేజమ్మను ఎక్కిస్తావా?” అన్నాను. అంతవరకు ఎవరినైనా ఏమనిపించిందని అడిగాడు గాని, ఎవరిని అడగాలని ఆలోచించలేదేమో. పంచె ఎగగట్టుకుని ఇంటికి తానే పోయాడు.

కుర్చీతో సహా మోసుకొచ్చారు జేజమ్మను. “ఏందిరా ఇది, నన్ను కూడా అమ్ముతావా?” అని కొడుకును తిడుతూనే వచ్చింది. జీపు ఎక్కించాలా అని చెన్నయ్య అడిగితే కర్ర ఎత్తింది. ఆకుపచ్చ కారులో ఎక్కడానికి కాలు లోపలికి పెట్టలేక అల్లాడింది. ముందు సీటు కొంచెం వెనక్కి బిగించి ఉందట, మాకెవరికీ కంటికి ఆనలేదు. మీగడరంగు దాంట్లో కాలు మడిచి పెట్టుకుని కూర్చుంది. రోడ్డు మీద కాస్త దూరం పోయి వచ్చాక దిగమంటే దిగలేదు. “ఎట్లుందే అమ్మా?” అన్నాడు శెట్టి మామ. “ఎట్లుండేదేంది? పెళ్లయినాక ఈ రోడ్డు చూడలేదు నేను. ఇంకో సుట్టు తిప్పమను” అంది.

“రోడ్డు కాదమ్మా, బండి ఎట్లుంది?”

“బండి సంగతి నాకేం తెలుసురా? కాలు నొయ్యలేదు.”

నేను మీగడరంగుది తీసుకున్నాను. తీసుకునే రోజు కూడా నా చేయి ఆకుపచ్చదాన్నే కోరింది, అది వేరే మాట. ఆ కారు మమ్మల్ని నిలబెట్టింది. మార్కాపురంలో కాన్పు నొప్పులొచ్చినా, కాలు విరిగినా “ఆదెమ్మ బండి పిలవండి” అనేవాళ్లు. హరిత వాళ్ల అమ్మ చదువు, పెళ్లి, ఆ వెనక సీటు మీద నుంచే వచ్చాయి. మా బావ కూడా చివరి రోజుల్లో దాంట్లోనే గిద్దలూరు ఆసుపత్రికి పోయి వచ్చేవాడు. నాలుగు చక్రాల మాట మళ్లీ ఎత్తలేదు. ఇంత జరిగినా మాది మంచి కారు అని నేను ఎవరితోనూ గట్టిగా చెప్పలేను. ఎందుకంటే ఆకుపచ్చ కారును గిద్దలూరు వ్యాపారి ఒకాయన కొన్నాడు. నల్లమల ఘాటులో కూడా అది గుర్రంలాగ ఎక్కుతుందని, బంగారమని, కనపడినప్పుడల్లా చెప్పేవాడు. మేం చెప్పేది ఇట్లా ఉంటే ఆయన చెప్పేది అట్లా ఉంది. శెట్టి మామతో ఈ మాట అంటే, “ఇద్దరూ బండ్లు మార్చుకుని కొన్నాళ్లు తిప్పి చూడండమ్మీ, నాకోసం” అన్నాడు. ఆ వ్యాపారి ఒప్పుకోలేదు. శెట్టి మామకు అది తీరని కోరికగానే మిగిలింది.

కొన్నేళ్ల తర్వాత శెట్టి మామకు జబ్బు చేసింది. కడుపులో పుండు అన్నారు. ఒంగోలుకు మా బండిలోనే తీసుకుపోయాం. వెనక సీట్లో ఆయన భార్య ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు, ముందు చెన్నయ్య పక్కన నేను. పొదిలి దాటాక రోడ్డు బాగాలేదు. గుంత వచ్చినప్పుడల్లా ఆయన పళ్లు బిగబట్టడం నాకు వినిపిస్తోంది. మాటల్లో పెడితే నొప్పి మరిచిపోతాడేమోనని వెనక్కి తిరిగి, “మామా, ఇన్నేళ్లలో నువ్వు ఒక్కసారి చెప్పలేదు. మా బండి ఎట్లుంది?” అన్నాను.

కళ్లు తెరిచి నన్ను చూశాడు. అంత నొప్పిలోనూ ఆయన మొహంలో ఆ పాత చూపు వచ్చింది, రైతు పక్కన వంగి కారును చూసినప్పటి చూపు. “ఇప్పుడడగొద్దు ఆదెమ్మా. ఒళ్లంతా నొప్పిగా ఉంది. బండికి అన్యాయం చేస్తా. తగ్గినాక అడుగు” అన్నాడు.

తగ్గలేదు. ఆ జబ్బుతోనే పోయాడు.

ఆ తర్వాత నేను చాలా చోట్ల, ఒళ్లు నొప్పిగా ఉన్నప్పుడు, నోరు మూసుకున్నాను. కూతురికి సంబంధం చూడడానికి పోయిన రోజు ఎండలో పడి, తలనొప్పితో పోయాను. పిల్లవాడు నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పకుండా, చల్లపొద్దున మళ్లీ ఒకసారి పోయి చూశాను. ఆ పిల్లవాడే హరిత వాళ్ల నాన్న. ఇది రాస్తూ హరిత నవ్వుతోంది. ఆ రోజు తలనొప్పి మాట నమ్మి ఉంటే తను ఉండేది కాదట.

మొన్న ఆ కొత్త కారు దిగాక దుకాణం మనిషి కాగితాలు తీయబోయాడు. హరితకు నచ్చింది, దాని కళ్లలో తెలుస్తూనే ఉంది. బడిలో టీచరు ఉద్యోగం వచ్చాక అది సొంతంగా కొనుక్కోబోయే మొదటి వస్తువు. “చెప్పవ్వా, తీసుకుందామా?” అంది.

“మనం ఏ బండి దిగి వచ్చినామే ఇప్పుడు?”

“షేర్ ఆటో. నీ ఒళ్లో ఎవరిదో కూరగాయల గంప కూడా ఉండె గదా.”

“గంప దించుకుని ఎక్కినదానికి ఇది విమానమే. ఇంకో పొద్దు వద్దాం. మీ అమ్మను తీసుకొద్దాం. దాని మోకాళ్లను కూడా అడగాల” అన్నాను. దుకాణం మనిషి మొహం వేలాడిపోయింది.

నిన్న మళ్లీ పోయాం. పొద్దున్నే, ఇంట్లో ఇడ్లీ తిని, తీరిగ్గా. నా కూతురు ముందు ఎక్కి మోకాళ్లు మడిచి చూసుకుంది. పాట ఆపించాం, చల్లగాలి ఆపించాం, అద్దాలు దించాం. పలకల ఫ్యాక్టరీల వైపు నుంచి రాయి కోసే చప్పుడు లోపలికి వచ్చింది. హరిత కంభం రోడ్డు ఎక్కించింది. నా కుడిచేయి తలుపు వైపు కదలబోతుంటే పట్టి ఒళ్లోకి తెచ్చుకుని, దాని మీద ఎడమచేయి పెట్టుకుని కూర్చున్నాను.

“ఎట్లుందవ్వా?” అంది హరిత, అద్దంలో నన్ను చూస్తూ.

“ఇంకొంచెం దూరం పోనీ” అన్నాను.